యల్లాప్రగడవారి ఋణము

ఏటేట ఫిబ్రవరి మాసమున గుణదల కొండకు జనము తరలివచ్చుట మనమెల్లర మెరిగినదే. 11వ తేదీతో ముగియు మేరీమాత తిరునాళ్ళ దినములలో బెజవాడ బాటలన్నియు ఆ కొండవంకకే సాగును. మ్రొక్కుకొన్నవారు మతభేదము పాటింపక మెట్లెక్కుదురు. నడుమ నడుమ ఆగి, ఒక ప్రక్కగా కూర్చుండి అలసట తీర్చుకొనువారిలో, ఒక కాలు మామూలుగాను, రెండవకాలు మోకాలినుండి పాదమువరకు ఏనుగుకాలివలె మొద్దుబారియు ఉన్న ముదుసలులను మేము పలుమారులు చూచితిమి. బోదకాలని దానిని మనవా రందురు. దోమకాటున వచ్చిన పురుగు దానికి మూలమని బడిపిల్లలును చెప్పగలరు. కాని ఆ పురుగులు చచ్చి యేండ్లు గడచినను కాలు మెత్తబడదేల? ఆ చర్మమును అంత బిరుసు చేసినది పురుగా, లేక రోగి దేహమేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోవువారికి భీమవరమున పుట్టిన యొక తెలుగువాని జీవితము అడుగడుగున ఎదురగును. ఆయన చరిత్రను నేడు మా పాఠకులకు నివేదింపదలచితిమి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. బాల్యమున ఆయనకు చదువుపై బుద్ధి నిలువలేదు. పదమూడవయేట, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, మార్గమధ్యముననే పట్టి తెచ్చిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమునగాని కృతార్థులు కాలేదు. తల్లి పట్టుదలయే ఆయనను బడి విడువనీయలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించు నాటికి ఆయన మనస్సు సన్న్యాసమువైపు మొగ్గినది. రామకృష్ణ మఠమువారి హితబోధచే, సన్న్యాసము మాని వైద్యవిద్య నభ్యసింప మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి.

అది మహాత్ముని పిలుపు దేశమెల్ల మార్మ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు విదేశీవస్త్రమును విడిచి, శస్త్రచికిత్సశాలలో సయితము ఖద్దరుటంగీ ధరించిరి. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి కంటగింపయ్యెను. తత్ఫలితముగా ఆయనకు ఎం. బి. బి. యెస్. పట్టమునకు మారుగా, దానికి దిగువదగు ఎల్. ఎం. యెస్. మాత్రమే దక్కినది. ఒక మూరెడు నూలుగుడ్డకు ఆయన చెల్లించిన వెల అది. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో తావు దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు పనిలో కుదురుకొనిరి.

ఇంతలో ఇంట పిడుగు పడినది. ఇరువురు సోదరులు స్వల్పకాలములో ఒకరి వెంట నొకరు గ్రహణివ్యాధిచే మరణించిరి. దానినే పాశ్చాత్యవైద్యులు స్ప్రూ అందురు. తిన్న అన్నము ఒంట బట్టదు, నెత్తురు పలుచబడును, మనిషి క్షీణించి పోవును. సుబ్బారావుగారును ఆ వ్యాధివాత బడి, లక్ష్మీపతిగారి చికిత్సచే బయటపడిరి. వ్యాధి యెక్కడనుండి వచ్చును, మందు ఎట్లు పనిచేయునను ప్రశ్న ఆయనకు ఇంటిలోని రెండు చావులనుండి పుట్టినది.

మామగారు ధనము సమకూర్చిరి, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ సాయము వాగ్దానము చేసినది. భార్య శేషగిరిగారిని ఇంట విడిచి, 1920 తరువాతి తొలి సంవత్సరములలో సుబ్బారావుగారు అమెరికా చేరిరి. మరల స్వదేశమును చూడలేదు. బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశవ్యాధుల విద్య నభ్యసించుచు, పొట్టగడుపుకొనుటకై ఆస్పత్రిలో రాత్రివేళల ఊడిగము చేసిరి. పిమ్మట సైరస్ ఫిస్కెగారితో కూడి, రక్తమున మూత్రమున భాస్వరము ఎంత యున్నదో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కె-సుబ్బారావు పద్ధతియను పేర దానిని లోకమెల్ల నేర్చినది. ఆ కొలతబద్ద చేతికి వచ్చినపిదప, 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో దేహకణములకు రోజువారీ శక్తి నందించు ఏటీపీ అను పదార్థమును కనుగొనిరి. ఏటీపీ పనిని అదే కాలమున జర్మనీలో లోమన్ వేరుగా చేసెను. 1930లో హార్వర్డు ఆయనకు డాక్టరేటు పట్టమిచ్చినది గాని స్థిరమగు ఆచార్యపదవి నీయలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ నందలి లెడర్లీ పరిశోధనాలయమునకు వెడలిపోయిరి. రెండేండ్లలో పరిశోధనాశాఖకు అధిపతియైరి. తరువాత ఆయనకు మిగిలిన ఆయువు ఆరేండ్లు మాత్రమే. ఆ ఆరేండ్లలో ఆయన నాయకత్వమున వెలువడిన మందులు నేటికిని వైద్యుల చేతులలో నున్నవి.

అందు మనకు మిక్కిలి సన్నిహితమైనది హెట్రజాను. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ద్వీపములకు పోయిన అమెరికా సైనికులు వేలకొలది ఈ బోదపురుగు పాలైరి. దానికి సరియగు మందు లేదు. సుబ్బారావుగారి బృందము అనేక పదార్థములను పరీక్షించి, 1947లో డైఇథైల్ కార్బమజీను అను దానిని ప్రకటించినది. హెట్రజాను దాని వ్యాపారనామము. రక్తమున తిరుగు పిల్లపురుగులను అది కొద్దిదినములలో తుడిచివేయును. చోద్యమేమనగా, గాజుపాత్రలో ఆ పురుగుల నడుమ వేసినచో ఆ మందు వానిని అంతగా బాధింపదు. దేహములో మన రక్షకకణములు తోడైనపుడే వాని పని పట్టును. మందు శత్రువును చూపును, చంపునది దేహము. ఇచట మనము మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చితిమి.

డెల్టా రైతుకు ఈ వ్యాధిని తెలుపుట సులభము. 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట కట్టినప్పటినుండి, చేనికి నీరు తెచ్చు కాలువ వేరనియు, నీటిని తీసికొనిపోవు మురుగుకాలువ వేరనియు మన మెరుగుదుము. రెండవది పూడినచో మొదటిదే చేటు తెచ్చును. దేహమునందును అంతే. రక్తనాళములు నీరు తెచ్చును, శోషరసనాళములు మురుగు తీయును. బోదపురుగు ఈ రెండవ నాళములలో కాపురముండి అయిదారేండ్లు, అంతకు మించియు బ్రతుకును. నాళములు సాగి, వదులై, ప్రవాహము మందగించును. కాలు నీరుపట్టును. తొలిదశలో ఈ వాపు రాత్రి పండుకొని లేచునప్పటికి తగ్గును. తరువాత తగ్గదు. నీరు నిలిచినచోట ఒండ్రు పేరుకొన్నట్లు చర్మమున ఒక పదార్థము పేరుకొనుటయే అందులకు కారణము. ఆ పదార్థమే కొల్లాజెను.

కొల్లాజెను దేహమునకు నారవంటిది. ఎండగట్టిన చర్మపు తూకములో ముప్పాతికవంతు దాదాపుగా అదే. అది మూడు పోగులు పెనవేసిన త్రాడని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రనుగారును గోపీనాథ కర్తాగారును నిరూపించిరి. ఈ త్రాటిని పేనునవి చర్మములోని ఫైబ్రోబ్లాస్టు లను కణములు. అవి తమ ఇచ్చవచ్చినట్లు పేనవు. రక్షకకణములు సైటోకైనులను దూతలద్వారా పంపు ఉత్తరువులకు లోబడి పేనును. లాకులకడ లస్కరు తనంత తాను తలుపులెత్తడు గదా!

ఆ దూతలలో ముఖ్యమైనది టీజీఎఫ్-బీటా. అది ఫైబ్రోబ్లాస్టు పొరను తాకినంతనే, లోపల స్మాడ్ అను మాంసకృత్తులు ఆ వార్తను కణకేంద్రమునకు మోసికొనిపోవును. కొల్లాజెను జన్యువులు మేల్కొనును. పేనిన త్రాళ్ళు బయటకు వచ్చి ఒకదానితో నొకటి ముడివడి గట్టిపడును. కణము తానును కండరమువలె బిగిసి, చుట్టునున్న నారను లాగిపట్టును. 1986లో ఈ పదార్థమును అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల చర్మముక్రింద ఎక్కింపగా, కొలదిదినములలో అచట క్రొత్త నారకణజాలము పుట్టినది. ఇంటర్‌ల్యూకిను 4, ఇంటర్‌ల్యూకిను 13 అను దూతలును ఇదే పని పురికొల్పును. పురుగులతో పోరాడుటకు దేహము ప్రత్యేకించి పంపు దూతలు ఈ రెండే యగుట గమనింపదగినది.

దీనికి ఎదురుగా ఆపుదల చేయు దూతలును కలవు. ఇంటర్ఫెరాను గామా కొల్లాజెను పేనకమును తగ్గించును. టీజీఎఫ్-బీటా వార్తను నడుమనే అడ్డగించు స్మాడ్ 7 అను మాంసకృత్తును అది లోపల పుట్టించును. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిను 1 అనునవి, పేరుకొన్న నారను కోయు ఎంజైములను బయటికి రప్పించును. వ్రేలు తెగినపుడు మొదట పేనుమను ఉత్తరువు వచ్చును, గాయము మూతపడగానే చాలుననునది వచ్చును. సన్నని మచ్చ మిగులును. ఇది ఆరోగ్యము. బోదకాలున ఆ చాలను మాట రాదు, వచ్చినను నిలువదు. కాలివ్రేళ్ళ సందుల పగుళ్ళగుండ సూక్ష్మజీవులు మాటిమాటికి చొచ్చును. చలిజ్వరము వచ్చి కాలు ఎఱ్ఱబడును. జ్వరము తగ్గును, కాని ప్రతిమారును పేనుమను ఉత్తరువు మరల బయలుదేరి, కొంత నార అదనముగా మిగిలిపోవును. పది జ్వరములకు పది పొరలు! చర్మములోని కొల్లాజెను ఒకసారి కూడినదా, అందు సగము మారిపోవుటకే సుమారు పదునైదేండ్లు పట్టునని లెక్కించిరి. పురుగు చచ్చినను కాలు మెత్తబడకుండుటకు హేతువిదియే.

అట్లయిన టీజీఎఫ్-బీటాను మొదలంట అడ్డగించిన చాలదా యని పాఠకు లడుగవచ్చును. చాలదు. చర్మమున నార పేనించు ఈ దూతయే రక్షకకణములను శాంతింపజేసి, అవి స్వదేహముపై తిరుగబడకుండ కాపాడుచున్నది. పురుగు సయితము ఈ శాంతిమార్గమునే తనకు అనుకూలముగా త్రిప్పుకొని, ఏండ్లకొలది గుట్టుగా బ్రతుకును. రక్తమున పిల్లపురుగులుండియు కాలు వాయనివారు మన నడుమ ఎందరో కలరు. వారి దేహమున ఈ శాంతిదూతలు హెచ్చు. ఆ శాంతి చెదరిన వారికే వాపు, జ్వరము, బిరుసుదనము. కనుక ఈ వ్యాధి కొంత పురుగుది, కొంత మన దేహపు ఉత్తరువులది.

ఈ దూతల పేరు లేవియు సుబ్బారావుగారు వినియుండలేదు. ఇంటర్ఫెరాను 1957లో వెల్లడియైనది. సైటోకైను అను మాట 1974లో పుట్టినది. టీజీఎఫ్-బీటా వృత్తాంతము 1980 తరువాత గాని తేటపడలేదు. అయినను ఆయన పరిశోధనాలయమునుండి వచ్చిన మందులు ఒక్కొక్కటి ఈ ఉత్తరువుల త్రోవలోనే నిలిచినవి.

సోదరులను బలిగొన్న గ్రహణిని ఆయన మరువలేదు. 1931 ప్రాంతమున బొంబాయి మిల్లులలోని గర్భిణులకు కలిగిన పాండురోగమును లూసీ విల్స్ అను వైద్యురాలు పరిశీలించి, దానిని కుదుర్చు పదార్థము ఈస్టులో ఏదో కలదని తెలిపెను. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారి బృందము 1945లో దానిని ప్రయోగశాలలో నిర్మించినది. గ్రహణిరోగుల కది వరమైనది. కణము రెండుగా చీలుటకు అది అవసరము. చీలరానివి చీలుచున్నచో దానిని అడ్డగింపవలదా? ఈ యాలోచనతో ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని స్థానము నాక్రమించు అమినోప్టెరినును, పిదప మెథోట్రెక్సేటును తయారుచేసిరి. 1948లో సిడ్నీ ఫార్బరు అమినోప్టెరినుతో పసిపిల్లల రక్తపుంతకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించి చూపెను.

చర్మమునకు దీనితో సంబంధము 1951లో బయలుపడినది. కీళ్ళవాతమునకు అమినోప్టెరిను పుచ్చుకొన్నవారి సోరియాసిసు పొలుసులు రాలిపోయెను. నేడు మెథోట్రెక్సేటును వారమున కొకమారు స్వల్పమాత్రలో సోరియాసిసునకును, చర్మము అక్కడక్కడ కొల్లాజెనుతో చెక్కవలె బిగిసిపోవు స్క్లెరోడెర్మా రకములకును వైద్యులు ఇచ్చుచున్నారు. ఆ స్వల్పమాత్రలో అది ఉత్తరువులు పంపు రక్షకకణముల దూకుడును తగ్గించును. అడినోసిను అను శాంతిపదార్థము కణముల వెలుపల హెచ్చుట అందులకొక కారణమని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఆ అడినోసినే ఏటీపీకి పునాది! మెథోట్రెక్సేటు పుచ్చుకొనువారికి దాని కీడు తగ్గుటకై ఫోలిక్ ఆమ్లపు మాత్రయు ఇత్తురు. చేటును ఆయనదే, విరుగుడును ఆయనదే. వారపు మందును పొరపాటున దినదినము మ్రింగినవారు ప్రాణముమీదికి తెచ్చుకొందురు గనుక, వైద్యుని కనుసన్న లేక దానిని ముట్టరాదని హెచ్చరించుట మా విధి.

మూడవది ఆరియోమైసిను. బెంజమిన్ డగ్గరుగారు మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఈ మందు సుబ్బారావుగారి ఆధ్వర్యవముననే 1948లో లోకమునకు వచ్చినది. టెట్రాసైక్లిను జాతికి ఇది పెద్దబిడ్డ. ఈ జాతి మందులు కొల్లాజెనును కోయు ఎంజైములను అణచునని 1980 తరువాత తేలినది. ఆ జాతిలోని డాక్సీసైక్లిను, బోదపురుగుల కడుపున సహవాసముచేయు వోల్బాకియా యను సూక్ష్మజీవిని చంపి, దానితోడ పురుగును గొడ్డుజేయును.

1948వ సంవత్సరము ఆగష్టు మాసమున, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసిరి. స్వరాజ్యము వచ్చి ఏడాది నిండలేదు. అమెరికా పౌరసత్వము పొందుటకు 1946 శాసనము భారతీయులకు వీలు కల్పించినను ఆయన పొందలేదు. తోడివారిని ముందు నిలిపి తాను వెనుక నిలుచు స్వభావమువా రగుటచే లోకము ఆయనను త్వరగా మరచినది. మనమును మరచితిమి. శతజయంతివేళ 1995లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వెలువడినది.

తపాలాబిళ్ళతో ఋణము తీరునా? ఆయన కనుగొన్న మందును ఉప్పులో కలిపి వాడి చైనా బోదవ్యాధిని పారద్రోలినట్లు 2007లో లోకము గుర్తించినది. మన పొరుగుననున్న సింహళము 2016లో ఆ కీర్తిని పొందినది. మన దేశమున 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఏటికొకమారు ఈ మాత్రలను ఇంటింట పంచిరి. 2027 నాటికి రూపుమాపవలెనని సంకల్పము చెప్పుకొంటిమి. కాని మాత్ర చేతబుచ్చుకొనుట వేరు, మ్రింగుట వేరు. మేడలున్నవారు, చదువుకొన్నవారు, దోమతెరలో పండుకొనువారు, తమకిది యేలయని మాత్రను కిటికీలో పెట్టి మరచుట మేమెరుగుదుము. మ్రింగిన రాత్రి జ్వరము వచ్చెనని ప్రక్కింటివారు చెప్పగా భయపడి పారవేసినవారును కలరు. ఆ జ్వరము విషము కాదు. పిల్లపురుగులు చచ్చి కరగునపుడు దేహమున దూతలు చెలరేగుటయే అది. ఒకటి రెండు దినములలో తగ్గును. జ్వరము వచ్చినవాని రక్తమున పురుగులున్నవన్నమాట. వానివలన ఊరిలో ఎందరికి దోమ ఆ విత్తును మోయుచుండెనో తలచుకొనుడు. రెండేండ్ల లోపు పసివారు, గర్భిణులు, తీవ్రరోగులు తప్ప తక్కినవారెల్లరును ఆ పిలుపు వచ్చిననాడు మాత్రను పంచువారి యెదుటనే మ్రింగవలసినది.

కాలు ఇదివరకే బిరుసెక్కినవారిని మనము వదలిపెట్టరాదు. వారికి మొదటి మందు నీళ్ళు, సబ్బు. దినమునకొకమారు కాలు కడిగి, వ్రేళ్ళసందులు తడిలేక తుడిచి, పగుళ్ళకు మందురాసి, కూర్చున్నపుడు ఎత్తున పెట్టుకొన్నచో జ్వరములు తగ్గును. జ్వరములు తగ్గినకొలది క్రొత్త నార పడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ వీధులలో మురుగు మోకాలిలోతున నిలిచిన దినములు మనము మరువలేదు. అట్టి నీటిలో దిగిన పగిలిన పాదమునకు కలుగు హాని ఇంతింత యనరాదు. ఊరి మురుగుకాలువను పూడనీయకుండుట ఊరివారి పని, కాలివ్రేళ్ళసందును కాచుకొనుట ఇంటివారి పని. ఈ రెండింటికిని పండితులక్కరలేదు.

మరల తిరునాళ్ళు వచ్చును. మరల గుణదల మెట్లమీద బరువైన కాళ్ళు ఒక్కొక్క మెట్టే ఎక్కును. వారి విశ్వాసమునకు మేము నమస్కరించుచున్నాము. వారి ప్రక్కనే ఎక్కుచున్న పసివాండ్ర కాళ్ళు జన్మాంతము తేలికగా నుండుటకు వలసిన మాత్రను, భీమవరమునుండి పోయి ఖద్దరుకొరకు పట్టమును పోగొట్టుకొన్న యొక తెలుగుబిడ్డ ఏనాడో మన చేతిలో పెట్టిపోయినాడు. దానిని కిటికీలో నుంచుట మనకు తగదు.